కాగితముపై కొలువైన దేవతలు : రాజా రవివర్మ జీవితము

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణ భగవానుడు ఉద్ధవునకు అర్చావిధానమును ఉపదేశించుచు, ప్రతిమలు ఎనిమిది విధములని తెలిపియున్నాడు. శిల, దారువు, లోహము, మృత్తిక, ఇసుక, మణి, మనస్సు అను వాటితోపాటు చిత్రించిన రూపమునకును ఆ వరుసలో స్థానము కలదు. ఆ ప్రకరణముననే మరియొక సూక్ష్మమైన నియమము కనిపించును. శిలామూర్తులకు, లోహమూర్తులకు స్నానము విహితము. పూతతోను, రంగుతోను ఏర్పడిన రూపములకు జలస్నానము లేదు, తుడుచుట మాత్రమే. రంగు నీటికి ఓర్వలేదన్న లోకజ్ఞానము ఆ శాస్త్రవాక్యమున ఇమిడియున్నది.

యాత్రకు వెళ్ళిన భక్తుడు ప్రసాదముతోపాటు ఒక చిత్రపటమును చుట్టగా చుట్టి ఇంటికి తెచ్చుకొనుట నేడు సర్వసాధారణము. ఈ అలవాటు అంత ప్రాచీనమైనది కాదు. పూర్వము చిత్రరూపములు రాజాస్థానములలోను, మఠములలోను, సంపన్నుల పూజాగృహములలోను ఉండెడివి. అచ్చుపటములు వచ్చిన పిమ్మటనే సామాన్యుని గోడమీదికి దేవుడు కాగితరూపమున వేంచేసినాడు. ఈ పరిణామమునకు మిక్కిలి దోహదము చేసినవారు రాజా రవివర్మ.

రవివర్మ 1848 ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానములోని కిళిమానూరు కోవెలగమున జన్మించారు. తండ్రి ఏళుమావిల్ నీలకంఠన్ భట్టతిరిపాడ్ సంస్కృత పండితులు, ఆయుర్వేదము తెలిసినవారు. తల్లి ఉమాయంబ కవయిత్రి. ఆమె రచించిన పార్వతీ స్వయంవరమును కుమారుడే తరువాత అచ్చు వేయించినారు. బాలుడు బొగ్గుముక్కతో ఇంటి గోడలపై బొమ్మలు గీయుచుండగా చూచి, మేనమామ రాజరాజవర్మ కోపగింపక తానే తొలి గురువైనారని చెప్పుదురు. సున్నము కొట్టిన గోడమీది ఆ తొలి చిత్రములు నిలువలేదు.

1862లో, పదునాలుగవ యేట, మేనమామ వెంట తిరువనంతపురము చేరిన రవివర్మకు ఆయిల్యం తిరునాళ్ మహారాజు ఆదరము లభించినది. నీటిరంగుల రచన అచ్చటనే అలవడినది. తైలవర్ణముల రహస్యము మాత్రము అంత సులభముగా చిక్కలేదు. ఆస్థాన చిత్రకారుడైన రామస్వామినాయుడు ఆ విద్యను యువకునకు నేర్పుటకు అంగీకరింపలేదు. 1868లో వచ్చిన థియొడార్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు తాను చిత్రించుచుండగా చూచుటకు అనుమతించినాడే కాని బోధింపలేదు. చూచి నేర్చుకొనుట, చెడగొట్టి మరల వేయుట: ఇదియే ఆయన పాఠశాల. 1873లో మద్రాసు ప్రదర్శనమున గవర్నరు స్వర్ణపతకము, అదే సంవత్సరము వియన్నా ప్రదర్శనమున బహుమతి లభించుటతో సంస్థానముల ద్వారములు ఆయనకు తెరువబడినవి.

బడోదా మహారాజు శాయాజీరావు గాయక్వాడు పదునాలుగు పౌరాణిక చిత్రములు కోరగా, వాటికి పూర్వము రవివర్మ తమ్ముడు సి. రాజరాజవర్మతో కలిసి ఉత్తరదేశ యాత్ర చేసినారు. సీతాదేవికి, దమయంతికి ఏ వస్త్రము కట్టవలెనన్నది ఆయనను వేధించిన ప్రశ్న. ప్రాంతప్రాంతమునకు మారు వేషములలో నుండి ఆయన చీరను ఎంచుకొన్నారు. దేవతలను మరీ మానవులను చేసినారని సోదరి నివేదిత, ఆనంద కుమారస్వామి వంటివారు తరువాత తప్పుపట్టినారు. ఆ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. అయినను తామరపై నిలిచిన లక్ష్మీదేవి అనగానే దేశమున అనేకుల మనస్సులో మెదలు రూపము ఆయన కుంచెనుండి వచ్చినదే.

పూర్వము తిరువాన్కూరుకు, ఆ పిమ్మట బడోదాకు దివానుగా నున్న సర్ టి. మాధవరావు ఒక హితవు చెప్పియుండిరి. ఒకే చేతితో లోకము కోరినన్ని చిత్రములు వేయుట అసాధ్యము. ఎంపికచేసిన వాటిని ఐరోపాకు పంపి అచ్చువేయించిన దేశమునకు మేలగునని దాని సారాంశము. రవివర్మ ఐరోపాకు పంపుటకు బదులు అచ్చుయంత్రమునే ఈ దేశమునకు రప్పించినారు. 1894లో బొంబాయిలో ముద్రణాలయము వెలసినది. జర్మనీ దేశపు పనివారు వచ్చినారు. తొలుత వెలువడినది శకుంతలా జననము.

ఆ పని ఎంతటి శ్రమతో కూడినదో తెలిసినచో పాతపటమును చూచు దృష్టియే మారును. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలకపై జిడ్డుగల సిరాతో బొమ్మను కుడియెడమలు తారుమారుగా గీయవలెను. రాతిని తడిపి సిరా పూసినపుడు, జిడ్డు ఉన్నచోటనే సిరా నిలుచును. తడి ఉన్నచోట నిలువదు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి. ఎన్ని రంగులున్న అన్నిమార్లు అదే కాగితము యంత్రము క్రిందికి పోవలెను. వెంట్రుకవాసి తప్పినను అమ్మవారి పెదవి ఎరుపు చెక్కిలిపైకి జారును. కడపట తైలచిత్రమువలె మెరయుటకు పైన వార్నిషు పూయుటయు కలదు.

లక్ష్మి, సరస్వతి, గరుడారూఢుడైన మహావిష్ణువు, శ్రీరామ పట్టాభిషేకము ఇట్లు ఇంటింటికి చేరినవి. ఆలయ ప్రవేశమునకు నోచుకోని కులములవారి గుడిసెలలోనికి కూడ ఆ కాగితపు దేవుడు అడ్డులేక నడిచిపోయినాడు. ఇచ్చట ఒక విశేషమును చెప్పవలెను. రవివర్మ మనుమరాండ్రు ఇరువురిని 1900లో తిరువాన్కూరు రాజకుటుంబము దత్తత తీసికొన్నది. వారిలో సేతు పార్వతీబాయి కుమారుడే చిత్తిర తిరునాళ్ బలరామవర్మ మహారాజు. 1936 నవంబరు 12న ఆలయ ద్వారములు హిందువులందరికి తెరచుచు శాసనము చేసిన ప్రభువు ఆయనయే. ముత్తాత పటములు ముందుగా తొక్కిన గడపలవారికి, మునిమనుమడు ఆలయపు గడప చూపినాడు.

ముద్రణాలయము మాత్రము రవివర్మకు ధనము తెచ్చిపెట్టలేదు. బొంబాయిలో 1896లో తలయెత్తిన ప్లేగు వ్యాపారమును దెబ్బతీసినది. యంత్రములను లోనావాలా సమీపమునగల మలవలీకి తరలించినారు. అప్పులు పెరిగినవి. తుదకు ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ముద్రణాలయమును తన జర్మను సహాయకుడు ఫ్రిట్జ్ ష్లైకరునకే అమ్మివేసినారు. 1905 ఆరంభమున తమ్ముని మరణము ఆయనను కుంగదీసినది. 1906 అక్టోబరు 2న కిళిమానూరులో రవివర్మ దేహము చాలించారు.

ఆయన తైలచిత్రములకు దిక్కు దొరకినది. బడోదా లక్ష్మీవిలాస భవనము, మైసూరు జగన్మోహన భవనము, తిరువనంతపురములోని శ్రీచిత్రా చిత్రశాల వాటిని కాపాడుచున్నవి. 1979లో భారత ప్రభుత్వము ఆయన కృతులను జాతీయ కళానిధులుగా ప్రకటించి దేశము దాటనీయకుండ కట్టడి చేసినది. అచ్చుపటముల గతి వేరు. మలవలీ ముద్రణాలయము 1972లో అగ్నికి ఆహుతియైనది; అందున్న పటములు అనేకము కాలిపోయినవి. ఇక మిగిలినవి చాలవరకు గృహస్థుల గోడలమీద, పెట్టెలలో, అటకలమీద నున్నవే. తాతమ్మ పెట్టెలో అడుగున చుట్టగా పడియున్న పటము ఆ ముద్రణాలయమునుండి వెలువడినదే కావచ్చును.

చట్రము లేని పటమునకు శత్రువులు పెక్కు. వెలుతురు రంగును వెలవెలబోవజేయును. తేమ బూజును, తుప్పురంగు మచ్చలను తెచ్చును. కొయ్యగుజ్జుతో చేసిన కాగితము తనలోని ఆమ్లము వలననే పసుపుబారి పెళుసగును. చెదలు, పుస్తకములను తిను వెండిరంగు పురుగులు జిగురును, గంజిని వెదకికొని వచ్చును. పిండిజిగురుతో గోడకు అంటించిన పటములు మిగులకుండుటకు కారణమిదే. వీటన్నిటికంటె పెద్ద అపాయము భక్తినుండియే కలుగుట విచారకరము. కాగితముమీదనే పసుపు కుంకుమలు అద్దుట, తడిపూవు అతికించుట, దీపపు మసి తగులునంత దగ్గర నిలుపుట పటమును క్రమముగా తినివేయును. భాగవతములోని తుడుపు నియమము అద్దము ఉన్న పటమునకు చెల్లును. అద్దము లేని కాగితమునకు తడిగుడ్డయు తగదు. మెత్తని పొడికుంచెతో ధూళి తీసిన చాలును. రంగు లేచుచున్నచో అదియు చేయరాదు.

పటమును చుట్టి ఉంచుటకంటె పరచి ఉంచుట మేలు. వార్నిషు పూసిన పాతపటమును బలవంతముగా విప్పినచో పైపూత పెటిలి రంగుతోసహా రాలును. పటమునకంటె పెద్దదియైన దళసరి అట్టల నడుమ, ఆమ్లరహితమైన పలుచని కాగితము వేసి, ఒకదానిపై నొకటిగా పరచవలెను. అట్టి కాగితము దొరకనిచో ఉతికి ఆరవేసిన, గంజి పెట్టని తెల్లని నూలుబట్ట చాలును. వార్తాపత్రిక పనికిరాదు, దాని ఆమ్లము పటమునకు ఎక్కును. సెలోటేపు, రబ్బరుబ్యాండు, గుండుసూది, లామినేషను, వీటిలో ఏదియు ముట్టించరాదు. చినిగినచోట సెలోటేపు అంటించుట చినుగుకంటె ఎక్కువ హాని. కొలది సంవత్సరములలో జిగురు కాగితములోనికి దిగి గోధుమరంగు చార మిగుల్చును. కలరా ఉండలు, కర్పూరము పటమునకు తగులరాదు. పెట్టెను నేలపైన గాని, వానకు చెమ్మగిల్లు బయటిగోడకు ఆనించి గాని పెట్టరాదు. అటక వేసవిలో పొయ్యివలె కాగును. పడకగదిలోని ఉక్కుబీరువా నడిమి అర దానికంటె ఎంతో నయము.

నిత్యపూజకు పాతపటమే కావలెనను పట్టుదల ఉండనక్కరలేదు. దానికి ఛాయాచిత్రము తీయించి, ఆ ప్రతిని చట్రములో పూజామందిరమున నుంచి, మూలమును చీకటిలో విశ్రమింపజేయవచ్చును. జీర్ణించిన పటములను రావిచెట్టు మొదట వదలుట, నదిలో కలుపుట ఆచారముగా నున్నది. ఆ పనికి ముందు పటము అడుగుభాగమున ముద్రణాలయము పేరు ఉన్నదేమో ఒక్కసారి పరికింపవలెను. ఉన్నచో సంరక్షణ విద్య తెలిసినవారికి చూపుట మంచిది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియము వంటి చోట్ల అట్టి నిపుణులు కలరు.

వానకాలమున పెట్టె తెరువకుండుట మంచిది. వానలు వెనుకబట్టి గాలి పొడిబారిన పిమ్మట, చేతులు కడిగి బాగుగా తుడుచుకొని, నీడపట్టున పటములను ఒక్కొక్కటిగా అట్టతోసహా ఎత్తి, వెనుకవైపు కూడ చూచి, పురుగు పొడి గాని బూజు గాని కనిపించిన దానిని వేరుచేసి, మిగిలినవాటిని ఆ సాయంత్రమునకే మరల పెట్టెలో పరచి మూయవలెను.