ఛాతీ తెరవకుండా గుండెను నిలబెట్టిన ఇంజినీరు

విలియం కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. 1886లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. జర్మనీలోని కార్ల్‌స్రూహేలో డాక్టరేట్ పొంది, 1914లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరారు.

కరెంటు స్తంభాలెక్కి పనిచేసే లైన్‌మెన్ షాక్ తగిలి మరణించడం 1920వ దశకంలో అక్కడి విద్యుత్ సంస్థలను కలవరపెట్టింది. వాటి ఆర్థిక సాయంతో ఆ మరణాలపై పరిశోధన హాప్కిన్స్‌లో మొదలైంది. షాక్ తగిలిన గుండె తరచూ పూర్తిగా నిశ్చలం కాదు. దాని కండరం లయ తప్పి వణుకుతుంది, రక్తం ముందుకు సాగదు. మరొక షాక్‌తో ఆ వణుకు ఆగుతుందని 1899లోనే జెనీవా పరిశోధకులిద్దరు గమనించినా, వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. కౌవెన్‌హోవెన్ బృందం 1933లో కుక్కలపై దానిని మళ్లీ నిరూపించింది. 1947లో క్లీవ్‌లాండ్ శస్త్రవైద్యుడు క్లాడ్ బెక్ ఒక బాలుణ్ని ఇదే పద్ధతిలో బతికించారు. అయితే తెరిచిన ఛాతీలో గుండెకే పలకలు ఆనించవలసి వచ్చింది.

స్తంభం కింద పడిపోయిన కార్మికుడికి ఛాతీ కోసేదెవరు? ఆ ప్రశ్నే ఆయనను చర్మంపైనుంచి పనిచేసే యంత్రం వైపు నడిపించింది. 1957లో అది రోగులకు అందింది. మరుసటి ఏడాది పరిశోధక విద్యార్థి గై నికర్‌బాకర్, కుక్క ఛాతీపై బరువైన ఎలక్ట్రోడ్లను అదిమినప్పుడు షాక్ ఇవ్వకముందే రక్తపీడనం కాస్త పెరగడం గమనించారు. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్‌తో కలిసి ఆ ముగ్గురూ 1960లో ప్రచురించిన పత్రం నేటి సీపీఆర్‌కు పునాది.

అలా గట్టిగా అదమడానికి కారణముంది. పొడి చర్మం విద్యుత్తును అడ్డుకుంటుంది. మధ్యలో గాలి చిక్కితే గుండెకు చేరవలసిన ప్రవాహం తగ్గి, చర్మం కాలుతుంది. అందుకే జెల్ పూసి, పలకలను చేతులతో అదిమేవారు. నేటి ఏఈడీ యంత్రాల్లో ఈ పని జెల్ పొర ఉన్న ప్యాడ్లదే. జెల్ ఆరితే ప్యాడ్ సరిగా అంటదు. గడువు తేదీ ఉండేది అందుకే. కవరు చిరిగినా, ఒకసారి వాడినా కొత్తవి పెట్టవలసిందే. ఛాతీపై చెమట తుడిచి, ఒకటి కుడి కాలర్‌బోన్ కింద, మరొకటి ఎడమ చంక దిగువన పక్కటెముకలపై గట్టిగా అతికించాలి. బ్యాటరీని మాత్రమే చూసుకుని ప్యాడ్ల సంగతి మరిస్తే, ఆ యంత్రం గోడకు అలంకారమే.

1969లో జాన్స్ హాప్కిన్స్ తన తొలి గౌరవ వైద్య పట్టాన్ని ఈ ఇంజినీరుకే ప్రదానం చేసింది. అప్పటికి ఆయన వయసు 83. 1973లో లాస్కర్ పురస్కారం లభించింది. 1975లో కన్నుమూశారు.