తన ప్రజలకు మోషే – హారియెట్ టబ్‌మన్

కష్టాలు అందరికీ వస్తాయి. కష్టంలో ఓదార్పు కోసం మనలో చాలామంది బైబిలు తెరుస్తాం. ఓదార్పు దొరికిన తరువాత ఏం చేయాలన్నది మాత్రం అంతగా ఆలోచించం. అలా ఆలోచించి, ఆ ప్రకారమే బ్రతికిన ఒక తల్లి జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఇక్కడ చదువుకుని వెళ్ళిన అన్నలకు, అక్కలకు పరిచయం చేయాలన్నది మా చిన్న ప్రయత్నం. క్రైస్తవులు కానివారు కూడా చదవదగిన జీవితం ఇది.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. పొద్దంతా కూలికి పోయి వచ్చి, రాత్రి అన్నాలు తిన్నాక మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టుకుని యోసేపు కథ, దావీదు కథ, దానియేలు కథ చెప్పేది. ఆదివారం పాస్టరు గారి నోట విన్నవి గుర్తుపెట్టుకుని చెప్పేది. హాస్టల్లో చేరిన కొత్తలో ఇల్లు గుర్తుకువచ్చి దుప్పటి కప్పుకుని ఏడ్చిన రాత్రులు మాకూ ఉన్నాయి. అన్నలే అమ్మేస్తే పరాయి దేశం చేరిన యోసేపు కథ అప్పుడు మాకు ధైర్యం ఇచ్చింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. ఇప్పుడు పి.జి. చదువుతూ హారియెట్ టబ్‌మన్ చరిత్ర చదివినప్పుడు ముందుగా నాయనమ్మే గుర్తుకు వచ్చింది. ఎందుకంటే హారియెట్‌కు కూడా చదువు రాదు. ఆమె కూడా బైబిలును చెవులతో విని నేర్చుకున్నదే.

బాల్యం

హారియెట్ అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం డార్చెస్టర్ కౌంటీలో 1822 ప్రాంతంలో పుట్టింది. బానిసల పిల్లలకు పుట్టిన తేదీ రాసిపెట్టేవారు తక్కువ. తల్లిదండ్రులు పెట్టిన పేరు అరమింటా రాస్. ముద్దుగా మింటీ అని పిలిచేవారు. తండ్రి బెన్ రాస్ కలప పని చేసేవాడు. తల్లి రిట్ యజమాని ఇంట్లో వంట చేసేది. తండ్రి ఒక యజమాని సొత్తు, తల్లి మరొక యజమాని సొత్తు. పుట్టిన తొమ్మిదిమంది పిల్లలూ తల్లి యజమానికే చెందుతారు. అప్పటి చట్టం అది.

ఆరేళ్ళ వయసు నుంచే మింటీని ఇతరుల ఇళ్ళకు పనికి పంపారు. ఒక ఇంట్లో రాత్రంతా పసిబిడ్డ ఊయల ఊపాలి. బిడ్డ ఏడిస్తే ఇల్లాలు కొరడాతో కొట్టేది. ఒకరోజు పొద్దున టిఫిను వేళకు ముందే ఐదుసార్లు దెబ్బలు తిన్నది. ఆ మచ్చలు ముసలితనం దాకా మానలేదు. మరొక చోట ఒళ్ళంతా తట్టు పోసి జ్వరంతో ఉన్నా, నీళ్ళలో దిగి జంతువులకు పెట్టిన ఉచ్చులు చూసి రావలసి వచ్చింది. ఆమె ముగ్గురు అక్కలను దక్షిణాదికి అమ్మేశారు. తిరిగి వాళ్ళ ముఖం చూసింది లేదు.

అందరికంటే చిన్నవాడి పేరు మోషే. వాడిని కొనడానికి జార్జియా నుంచి వ్యాపారి వచ్చినప్పుడు తల్లి రిట్ దాదాపు నెల రోజులు బిడ్డను దాచిపెట్టింది. చివరకు యజమానీ, వ్యాపారీ గుడిసె దగ్గరికే వస్తే, లోపలికి అడుగుపెట్టిన మొదటివాడి తల పగలగొడతానని గుమ్మంలో నిలబడింది. వాళ్ళు వెనక్కి పోయారు. అమ్మకం ఆగిపోయింది. నిర్గమకాండంలో యోకెబెదు పసివాడైన మోషేను మూడు నెలలు దాచిన సంగతి మనకు తెలుసు. మింటీ అలాంటి ధైర్యాన్ని తన ఇంట్లోనే చూసింది.

యుక్తవయసులో ఆమెకు పెద్ద దెబ్బ తగిలింది. పారిపోతున్న ఒక బానిసను పట్టుకోవడానికి సాయం చేయమంటే ఆమె ఒప్పుకోలేదు. అతని మీదికి మేస్త్రీ విసిరిన రెండు పౌండ్ల తూకపు గుండు గురి తప్పి ఆమె తలను పగలగొట్టింది. వైద్యం లేదు. కొద్ది రోజులకే రక్తం కారుతుండగానే మళ్ళీ పొలానికి పంపారు. అప్పటి నుంచి బ్రతికినంత కాలం మాట్లాడుతూ మాట్లాడుతూనే ఉన్నట్టుండి మగతలోకి జారిపోయేది. ఆ మగతలో కనిపించిన దర్శనాలు దేవుడు పంపినవని ఆమె నమ్మింది.

ఒకే పుస్తకం – రెండు బోధలు

ఇక్కడ ఒక విషయం మనం బాగా గమనించాలి. యజమానుల చేతిలో కూడా బైబిలే ఉంది. దాసులు యజమానులకు లోబడాలన్న వాక్యాలను ఏరుకుని బానిసలకు బోధించేవారు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ దీవుల బానిసల కోసమని ఒక బైబిలు అచ్చువేశారు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయటపడిన కథను తీసేశారు. పాత నిబంధనలో చాలా భాగం కత్తిరించారు. అమెరికాలోని అనేక దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకు చదవడం నేర్పితే నేరం. ఆ కథలకు ఎంత బలం ఉందో యజమానులకు బాగా తెలుసునని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మింటీ తల్లి పిల్లలకు బైబిలు కథలు చెప్పేది. మింటీ వాటిలో లోబడమనే బోధను ప్రక్కన పెట్టి, విడుదల కథలను గట్టిగా పట్టుకుంది. ఫరో చేతిలో నలిగిన జనం మొర దేవుడు విన్నాడు. విని ఊరుకోలేదు, మోషేను పంపాడు. మోషే నత్తివాడు, మందలు కాచుకునేవాడు, భయపడినవాడు. అయినా వెళ్ళాడు. ఈ కథలో ఓదార్పూ ఉంది, ఆజ్ఞా ఉంది. మింటీ రెండూ తీసుకుంది.

ఆమె ప్రార్థన కూడా దాపరికం లేనిది. యజమాని ఎడ్వర్డ్ బ్రోడెస్ మనసు మార్చమని రోజూ ప్రార్థించేది. ఇంతలో తననూ అన్నదమ్ములనూ దక్షిణాదికి అమ్మబోతున్నారని తెలిసింది. మనసు మారేటట్లు లేకపోతే అతన్ని తీసుకుపొమ్మని దేవుణ్ణి అడిగింది. 1849లో అతను నిజంగానే చనిపోయాడు. అప్పుడు ఆమె సంతోషించలేదు, అలా ప్రార్థించినందుకు ఎంతో బాధపడింది. శత్రువు మీద కోపం ఎంత దూరం పోవచ్చో ఆమెకు అక్కడ తెలిసివచ్చి ఉంటుందని మాకు అనిపిస్తుంది.

ఎర్ర సముద్రం దాటడం

1844లో ఆమె జాన్ టబ్‌మన్ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి యువకుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆ రోజుల్లోనే తల్లి పేరైన హారియెట్‌ను తన పేరుగా పెట్టుకుంది. యజమాని చనిపోయాక అమ్మకం తప్పదనిపించి 1849 సెప్టెంబరులో ఇద్దరు సోదరులతో బయలుదేరింది. వాళ్ళు భయపడి వెనక్కి తిరిగారు, ఆమెనూ తీసుకువచ్చేశారు. కొద్ది రోజులకే మళ్ళీ ఒంటరిగా బయలుదేరింది. రాత్రిళ్ళు ధ్రువ నక్షత్రాన్ని చూసుకుంటూ నడిచింది, పగలు దాక్కుంది. బానిసత్వాన్ని వ్యతిరేకించే క్వేకర్లు, స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు ఇంటి నుంచి ఇంటికి దాటించారు. దాదాపు 90 మైళ్ళు దాటి పెన్సిల్వేనియా చేరింది.

అక్కడ ఆమెకు తెలిసినవారు ఎవరూ లేరు. అమ్మా నాన్నా, తోబుట్టువులూ అందరూ ఐగుప్తులోనే ఉన్నారు. ఫిలడెల్ఫియాలో ఇళ్ళల్లో, హోటళ్ళలో పాచిపని, వంటపని చేసి డబ్బు కూడబెట్టింది. కూడబెట్టిన డబ్బుతో వెనక్కి వెళ్ళింది.

వెనక్కి వెళ్ళిన మనిషి

1850 డిసెంబరులో తన మేనకోడలు కెజయానూ, ఆమె ఇద్దరు పిల్లలనూ వేలం నుంచి తప్పించింది. అదే సంవత్సరం వచ్చిన కొత్త చట్టం వల్ల ఉత్తరాదికి పారిపోయినవారిని కూడా పట్టి అప్పగించవచ్చు. అందుకని ఆమె తనవారిని కెనడా దాకా, సెయింట్ కేథరిన్స్ ఊరికి నడిపించేది. 1851లో భర్త కోసం వెళితే అతను వేరే పెళ్ళి చేసుకుని ఉన్నాడు, రానన్నాడు. ఆ దుఃఖం మింగి, రావడానికి సిద్ధంగా ఉన్న మరికొందరిని వెంట తీసుకువెళ్ళింది.

పది సంవత్సరాల్లో 13 సార్లు అలా వెళ్ళి సుమారు 70 మందిని బయటికి తెచ్చింది. మరో 50, 60 మందికి దారి చెప్పి పంపింది. ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదు. ప్రార్థన చేస్తూనే బుర్ర కూడా వాడింది. రాత్రులు పొడవుగా ఉండే చలికాలంలో వెళ్ళేది. శనివారం రాత్రి బయలుదేరేది, ఎందుకంటే పారిపోయారన్న ప్రకటన సోమవారం దాకా పేపర్లో పడదు. పసిపిల్లలు ఏడవకుండా మందు ఇచ్చేది. భక్తిగీతాలు పాడి, ప్రమాదం ఉందో లేదో దాక్కున్నవారికి తెలియజేసేది. దారి మధ్యలో ఎవరైనా వెనక్కి పోతే అందరూ దొరికిపోతారని పిస్తోలు చూపించి నడిపించేది. అందుకే జనం ఆమెను మోషే అని పిలుచుకున్నారు.

1854 క్రిస్మస్ నాటి సంఘటన చదివి మేము చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం. మర్నాడు అమ్మకానికి పెట్టబోతున్న ముగ్గురు సోదరులను తీసుకువెళ్ళడానికి హారియెట్ వచ్చింది. అందరూ అమ్మానాన్నల గుడిసె ప్రక్కన మొక్కజొన్న గాదెలో దాక్కున్నారు. తల్లికి చెబితే ఏడుపు ఆపుకోలేదని చెప్పలేదు. పండుగ భోజనం సిద్ధం చేసుకుని కొడుకుల కోసం ఆ తల్లి మాటిమాటికీ బయటికి వచ్చి చూస్తుంటే, పిల్లలు సందుల్లోంచి ఆమెను చూస్తూ ఉండిపోయారు. తండ్రి అన్నం తెచ్చి పెట్టాడు కానీ వాళ్ళ ముఖాలు చూడలేదు. చీకటి పడ్డాక కళ్ళకు గుడ్డ కట్టుకుని కొంతదూరం సాగనంపాడు. రేపు ఎవరైనా అడిగితే నా పిల్లల్ని చూడలేదని అబద్ధం లేకుండా చెప్పాలని. 1857లో హారియెట్ మళ్ళీ వచ్చి ఆ ముసలి తల్లిదండ్రులను కూడా తీసుకువెళ్ళింది.

యుద్ధం, పేదరికం

అంతర్యుద్ధంలో ఆమె నర్సుగా, వేగుగా పనిచేసింది. 1863 జూన్‌లో దక్షిణ కరోలినాలోని కోంబాహీ నది మీద సైనిక పడవలకు దారి చూపింది. ఆ ఒక్క రాత్రిలో 700 మందికి పైగా బానిసలు విడుదలయ్యారు. యుద్ధం ముగిసి ఇంటికి వస్తుంటే రైలులో ఆమె టికెట్టు చెల్లదని చేయి విరిగేటట్లు ఈడ్చి వేరే పెట్టెలో పడేశారు. పెన్షన్ కోసం ఏళ్ళ తరబడి తిరిగింది. 1899లో గానీ నెలకు 20 డాలర్లు ఖాయం కాలేదు. మేరీల్యాండ్ రాష్ట్రం ఆమెకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది 2024 నవంబరులో, చనిపోయిన 111 సంవత్సరాల తరువాత!

న్యూయార్క్ రాష్ట్రం ఆబర్న్‌లోని తన ఇంట్లో దిక్కులేనివారికి ఎప్పుడూ చోటు ఉండేది. వృద్ధుల ఆశ్రమం కోసం స్థలం కొని 1903లో చర్చికి అప్పగించింది. చేరేవారు 100 డాలర్లు కట్టాలని నియమం పెడితే ఆమె ఒప్పుకోలేదు. చేతిలో చిల్లిగవ్వ లేనివారికే అక్కడ చోటు ఇవ్వాలన్నది ఆమె ఉద్దేశం. 1908లో ప్రారంభమైన ఆ ఆశ్రమంలోనే 1913 మార్చి 10న కన్నుమూసింది.

మన మాట

అమెరికా బానిసల విడుదల మనకు సంబంధం లేని విషయం కాదు. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరి పుస్తకాన్ని ఆ బానిసత్వాన్ని నిర్మూలించిన అమెరికా ప్రజలకే అంకితం ఇచ్చారు.

బైబిలు చదివి మనసు తేలికపడితే మంచిదే. హాస్టల్లో ఏడ్చిన రాత్రులు మాకు అది అవసరమైంది. అయితే యోసేపు కథ చెరసాలతో ఆగిపోదు. కరువులో తనను అమ్మిన అన్నలకు కూడా అతను ధాన్యం ఇచ్చాడు. ఇన్నాళ్ళూ మేము సగం కథతోనే ఆగిపోయామని హారియెట్ జీవితం చదివాక తెలిసింది. ఉద్యోగం వచ్చాక, పట్నంలో స్థిరపడ్డాక, హాస్టల్లో చదివామని చెప్పుకోవడానికి వెనుకాడే వాళ్ళం మనలో ఉన్నాం. ఆ మాట ఒకసారి మేము కూడా దాచాం, అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాం.

అన్నలారా, అక్కలారా! మనం 13 సార్లు ప్రాణాలకు తెగించి రానక్కరలేదు. నెలకు ఒక ఆదివారం వచ్చి పదవ తరగతి పిల్లల ప్రక్కన కూర్చుని లెక్కలు చెప్పినా చాలు. కాలేజీ అప్లికేషన్ ఎలా నింపాలో, స్కాలర్‌షిప్ ఎక్కడ అడగాలో చెప్పినా చాలు. ఈ సంవత్సరం నుంచి మేము వస్తామని ఈ సంచిక సాక్షిగా మాట ఇస్తున్నాం.

ఈ పుస్తకం అచ్చయిన తరువాత ఇంటికి తీసుకువెళ్ళి, రాత్రి అన్నాలు తిన్నాక నాయనమ్మకు ఈ కథ చదివి వినిపిస్తాం. ఇన్నాళ్ళూ ఆమె చెప్పింది, మేము విన్నాం.