హెన్రీ మాడ్స్‌లీ

హెన్రీ మాడ్స్‌లీ (ఆగష్టు 22, 1771 - ఫిబ్రవరి 14, 1831) ఇంగ్లాండుకు చెందిన యంత్ర నిర్మాత. యంత్రములను తయారుచేసే యంత్రములకు, అనగా లేత్ వంటి యంత్ర పరికరములకు, రూపకల్పనలో దేనిని ముందు, దేనిని తరువాత నిర్ణయించవలెనో తన పని ద్వారా చూపినవాడు.

తొలి జీవితము

ఈయన లండను సమీపమున వూలిచ్‌లో జన్మించాడు. పన్నెండవ యేట అక్కడి ఆయుధాగారములో తూటాలకు మందు కూరే పనికి కుదిరాడు. తరువాత వడ్రంగము, కమ్మరము నేర్చాడు. 18 ఏళ్ళ వయసులో తాళముల నిర్మాత జోసెఫ్ బ్రామా వద్ద చేరాడు. 1851లో ఎ.సి.హాబ్స్ అను అమెరికను చాలా రోజులు శ్రమించి తెరిచేవరకు బ్రామా తాళము ఎవ్వరికీ లొంగలేదు. అట్టి తాళములను చేతిపనితో చవకగా చేయుట సాధ్యము కాదు. అందుకు కావలసిన యంత్రములను నిర్మించినది మాడ్స్‌లీయే. అయినను ఈయన జీతము వారమునకు 30 షిల్లింగులు మాత్రమే. కుటుంబము పెరుగుతుండుటచే 1797లో జీతము పెంచమని కోరగా బ్రామా నిరాకరించాడు. మాడ్స్‌లీ అక్కడ మానివేసి, ఆక్స్‌ఫర్డ్ వీధి సమీపమున సొంత కార్ఖానా పెట్టుకున్నాడు.

రూపకల్పన విధానము

ఆ కాలమున లేత్ మీద పనిచేయువాడు ఉలిని చేతితో పట్టుకొనేవాడు. పని నాణ్యత అంతా ఆ చేతి మీదనే ఆధారపడేది. మాడ్స్‌లీ ఉలిని స్లైడ్ రెస్ట్‌లో బిగించి, దానిని పొడవైన మరతో నడిపించాడు. పళ్ళచక్రములను మార్చి కోరిన మరను కోయవచ్చును. స్లైడ్ రెస్ట్‌ను మొదట కనుగొన్నది ఈయన కాదు. ఫ్రాన్సులో వోకాన్సన్, లండనులో రామ్స్‌డెన్ అంతకు ముందే అట్టివి చేశారు. ఈయన ఘనత వాటిని గట్టి లోహపు చట్రములో, అనుదినము వాడదగిన యంత్రముగా కూర్చుటలో ఉన్నది.

ఉలి తిన్నగా కదలవలెనంటే అది జారే తలము సమముగా ఉండవలెను. ఎంత కదలవలెనో నిర్ణయించేది మర. కనుక ఈయన తలమును, మరను ముందు సరిచేసి, తక్కినవి తరువాత చూసేవాడు. పనివారి బల్లల మీద సరిచూసుకొనుటకు సమతల ఫలకములు ఉంచేవాడు. అంగుళములో పదివేలవ వంతును కొలిచే మైక్రోమీటరు నిర్మించి, వివాదము వచ్చినప్పుడు దాని తీర్పే తుది తీర్పు కనుక, దానికి లార్డ్ ఛాన్సలర్ అని పేరు పెట్టాడు. అక్కరలేని భాగము, అక్కరలేని బరువు యంత్రములో ఉండరాదని ఈయన చెప్పేవాడని శిష్యుడు జేమ్స్ నాస్మిత్ తన ఆత్మకథలో (1883) వ్రాశాడు.

పోర్ట్స్‌మత్ యంత్రములు

నౌకాదళమునకు ఏటా లక్షకు పైగా కప్పీలు అవసరమయ్యేవి. మార్క్ బ్రూనెల్ రూపొందించిన నలభైకి పైగా యంత్రములను మాడ్స్‌లీ తయారుచేశాడు. 1808లో వాటితో 1,30,000 కప్పీలు తయారైనవి. 110 మంది చేసే పనిని 10 మంది చేయగలిగారు. మిగిలిన నూరు మంది నేర్చిన విద్య విలువ ఏమైనదన్న ప్రశ్న కూడా ఇక్కడి నుండే పుట్టినది.

శిష్యులు, మరణము

1841లో మరల కొలతలకు ప్రమాణము ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్త్, ఆవిరి సుత్తి నిర్మించిన నాస్మిత్, ఇంకా రిచర్డ్ రాబర్ట్స్, జోసెఫ్ క్లెమెంట్ ఈ కార్ఖానాలో పనిచేసినవారే. ఫ్రాన్సు నుండి తిరిగి వచ్చునపుడు జలుబు చేసి మాడ్స్‌లీ మరణించాడు. వూలిచ్‌లో ఈయన సమాధిపై నిలిపిన పోతఇనుప కట్టడము ఈయన స్వయముగా రూపొందించినదే.