చాందా గడ్డ కన్న ముఖ్యమంత్రి: కర్మవీర్ మారోతరావు కన్నంవార్



ఈ శీర్షికలో సాధారణముగా దైవజనుల జీవితములు, మిషనెరీల సేవలు, మన తొలి కాపరుల సాక్ష్యములు చదువుతుంటాము. ఈసారి ఒక రాజకీయ నాయకుని జీవితము మీ ముందుంచుతున్నాము. ఆయన మన సంఘస్థుడు కాదు, క్రైస్తవుడు కూడా కాదు. అయినా చంద్రపూర్‌లో స్థిరపడిన ప్రతి తెలుగు కుటుంబము ఆయనను గూర్చి తెలుసుకొనవలెనని మా కోరిక. ఆయనే మహారాష్ట్రకు రెండవ ముఖ్యమంత్రి, మారోతరావు సాంబశివ్ కన్నంవార్.

మన పిల్లలకు పాఠశాలలో, ఆఫీసులలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. మీరు ఎక్కడివారు అని. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, గనిలో హిందీ మాట్లాడే పిల్లవాడు దీనికి ఏమి జవాబు చెప్పాలో తెలియక తల్లిదండ్రుల ముఖము చూస్తాడు. తాతలు కరీంనగర్ నుండో, వరంగల్ నుండో వచ్చారు. తండ్రి ఇక్కడే పుట్టాడు. తాను ఇక్కడే పుట్టాడు. అయినా ఆ ప్రశ్న వదలదు. కన్నంవార్ గారి జీవితములో ఆ ప్రశ్నకు ఒక జవాబు మాకు కనబడినది. అందుకే ఈ వ్యాసము.

ఇంటిపేరులో వినిపించే మాట

చంద్రపూర్ బజారులో నడుస్తూ దుకాణాల బోర్డులు చదివి చూడండి. వార్ అని ముగిసే ఇంటిపేర్లు ఎన్నో కనబడతాయి. ముంగంటివార్, వడెట్టివార్ వంటి పేర్లు ఎన్నికల గోడల మీద కూడా చూశాము. ఆ వార్ అనేది మన తెలుగులోని వారు అనే మాటేనని పెద్దలు చెబుతారు. గోదావరి, ప్రాణహిత దాటి తరతరములుగా ఇటు వచ్చి స్థిరపడి, మరాఠీవారిలో కలిసిపోయినవారి గుర్తు అది. కన్నంవార్ కూడా అటువంటి ఇంటిపేరే. మన తాతలు 1929లో కాజీపేట బల్లార్షా రైలు మార్గము పూర్తయిన తరువాత బొగ్గు గనులకు వచ్చినవారు. ఆ ఇంటిపేర్లవారు రైలు రాకముందే వచ్చారు. తేడా అంతే.

బాల్యము, తొలి కష్టములు

మారోతరావు 1900 జనవరి 10వ తేదీన జన్మించారు. చంద్రపూర్‌ను అప్పుడు చాందా అనేవారు. ఆ జిల్లా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఒక మూలకు విసరివేసినట్టు ఉండేది. అడవులు ఎక్కువ, రోడ్లు తక్కువ. వానాకాలములో వాగులు పొంగితే ఊళ్ళకు ఊళ్ళు వేరైపోయేవి.

వారిది బేల్దారు కులము. బేల్దార్లంటే రాయి కొట్టి, మట్టి మోసి, గోడలు కట్టి బ్రతికేవారు. మన వైపు వడ్డెరలు చేసే పనిని పోలిన పని. పని ఎక్కడ దొరికితే అక్కడికి గుడారము మార్చుకొని తిరిగిన జనము. మహారాష్ట్ర ప్రభుత్వము వారిని సంచార జాతుల జాబితాలో చేర్చింది. అటువంటి జనములో పుట్టిన పిల్లవానికి భూమి లేదు, బలగము లేదు, పెద్ద చదువు చదివించే స్తోమత లేదు. చిన్నతనములో వీధి వీధి తిరిగి వార్తాపత్రికలు అమ్మారు. పత్రికలు అమ్మిన అబ్బాయి ముఖ్యమంత్రి అయ్యాడని చంద్రపూర్‌లో ముసలివారు ఇప్పటికీ పిల్లలకు చెబుతారు.

అమ్మిన పత్రికలను ఆయన చదివారు కూడా. దేశములో ఏమి జరుగుచున్నదో అక్షరము అక్షరము తెలుసుకున్నారు. 1920 డిసెంబరులో నాగపూర్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభ సహాయ నిరాకరణ తీర్మానమును ధ్రువపరచినది. 1923లో అదే నాగపూర్‌లో జెండా సత్యాగ్రహము, 1930లో ఈ ప్రాంతపు అడవులలో అటవీ సత్యాగ్రహము జరిగినవి. పొరుగున రగిలిన ఈ వేడి చాందా యువకులకు తగిలినది. మారోతరావు ఖద్దరు ధరించి కాంగ్రెస్ పనిలో దిగారు. ఊరూరు తిరిగారు, జైలుకు వెళ్ళారు. 1942 ఆగస్టులో చాందా జిల్లాలోని చిమూర్‌లో ప్రజలు తిరగబడినప్పుడు ప్రభుత్వము ఎంత కఠినముగా అణచినదో చరిత్రలో ఉన్నది. ఆ కాలమంతా ఆయన వెనుకకు తిరుగలేదు. కర్మవీర్ అనే బిరుదు ప్రజలు ఇచ్చినది.

మంత్రి పదవి, మనము దాచకూడని మాట

స్వాతంత్ర్యము తరువాత 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినవి. చాందా, నాగపూర్ అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉండేవి. రాజధాని నాగపూరే. కన్నంవార్ గారు శాసనసభకు ఎన్నికై, పండిత రవిశంకర్ శుక్లా మంత్రివర్గములో ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు. ఆసుపత్రి ముఖము చూడని ఊళ్ళు నిండిన జిల్లా నుండి వెళ్ళినవాడు ఆరోగ్యశాఖను చేపట్టడము ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోతే మేము పాఠకులకు అన్యాయము చేసినవారమవుతాము. అదే శుక్లా ప్రభుత్వము 1954 ఏప్రిల్‌లో క్రైస్తవ మిషనెరీల పనిని విచారించుటకు ఒక కమిటీని నియమించినది. నాగపూర్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి భవానీశంకర్ నియోగీ దానికి అధ్యక్షుడు. 1956లో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక మిషనెరీలను తీవ్రముగా విమర్శించినది. మతమార్పిడియే ముఖ్యోద్దేశముగా గల విదేశీ మిషనెరీలను పంపివేయవలెనని సిఫారసు చేసినది. తరువాత 1968లో మధ్యప్రదేశ్ చేసిన చట్టము వెనుక ఆ నివేదిక నీడ ఉన్నది. ఆ నివేదిక పేరు చెబితే మన పెద్ద కాపరుల ముఖములు చిన్నబోయేవి.

కన్నంవార్ గారు ఆ మంత్రివర్గములో సభ్యులు. ఆ నిర్ణయము ఆయన శాఖది కాదు. అయినా మంత్రివర్గము చేసిన పనికి మంత్రులందరికీ బాధ్యత ఉంటుంది. కాబట్టి ఆయనను పొగడుతూ దీనిని దాచిపెట్టము. అలాగని దీనిని పట్టుకొని ఆయన చేసిన మేలును మరచిపోము. లేఖనములలోని రాజులను, అధిపతులను గూర్చి చదివేటప్పుడు మంచిని, లోపమును రెండింటిని చదువుతాము కదా. మనుష్యుని జీవితమును అలాగే చదవాలి.

ఆ సంగతిలో మనకు మరొక హెచ్చరిక కూడా ఉన్నది. కమిటీ వేసే గదిలోను, చట్టము వ్రాసే బల్ల దగ్గరను మనవారు లేకపోతే, మనలను గూర్చిన మాట ఇతరులే చెబుతారు. దీనికి చివరలో మళ్ళీ వస్తాము.

రాష్ట్రములు మారినా

1955లో ఫజల్ అలీ కమిషన్ విదర్భకు వేరే రాష్ట్రము ఇవ్వవచ్చునని సిఫారసు చేసినది గాని అది జరుగలేదు. 1956 నవంబరు 1వ తేదీన విదర్భ జిల్లాలు బొంబాయి రాష్ట్రములో కలిసినవి. అదే రోజున హైదరాబాదు రాష్ట్రము విడిపోయి, ఆదిలాబాదు జిల్లాలోని రాజురా తాలూకా కూడా ఇటు వచ్చినది. 1959లో రాజురాను చాందా జిల్లాలో చేర్చారు. మన సంఘములలో రాజురా వైపు కుటుంబములకు ఈ సంగతి బాగా తెలుసు. వారు ఇల్లు కదలలేదు, సరిహద్దు వారి ఇంటి మీదుగా కదిలినది.

కన్నంవార్ గారు నాగపూర్ నుండి బొంబాయికి వెళ్ళి అక్కడ కూడా మంత్రిగా పనిచేశారు. 1960 మే 1వ తేదీన మహారాష్ట్ర ఏర్పడినప్పుడు యశ్వంతరావు చవాన్ మంత్రివర్గములో కట్టడములు, రాకపోకల శాఖ ఆయనకు వచ్చినది. అంటే రోడ్లు, వంతెనలు, ప్రభుత్వ భవనములు. రాయి కొట్టి గోడ కట్టే జనములో పుట్టినవాడు రాష్ట్రమంతటి రోడ్లకు, కట్టడములకు మంత్రి అయ్యాడు. దేవుడు కొన్ని సంగతులు ఎంత అందముగా కూర్చుతాడో చూడండి.

యుద్ధ సమయములో ముఖ్యమంత్రి

1962 ఎన్నికలలో ఆయన చాందా జిల్లాలోని సావలి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన చైనా సేనలు మన సరిహద్దు దాటినవి. దేశమంతా కలత చెందినది. రక్షణమంత్రి కృష్ణ మీనన్ పదవి వదులుకోవలసి వచ్చినది. నెహ్రూ గారు యశ్వంతరావు చవాన్‌ను ఢిల్లీకి పిలిపించి రక్షణశాఖ అప్పగించారు. మహారాష్ట్రను ఎవరికి అప్పగించాలి అన్న ప్రశ్న వచ్చినది.

పశ్చిమ మహారాష్ట్రలో పెద్ద పెద్ద నాయకులున్నారు. చక్కెర ఫ్యాక్టరీల బలము, సంఖ్యాబలము గల కులముల బలము వారికి ఉన్నది. అయినా ముఖ్యమంత్రి పదవి విదర్భకు చెందిన, చిన్న జాతికి చెందిన, పెద్ద డిగ్రీలు లేని కన్నంవార్ గారికి వచ్చినది. 1962 నవంబరు 20వ తేదీన ఆయన ప్రమాణ స్వీకారము చేశారు. కొత్తగా కలిసిన విదర్భవారికి ఈ రాష్ట్రము మాది కూడా అనే ధైర్యము అప్పుడు కలిగినది.

పదవి దొరికినది కాని సుఖము దొరకలేదు. అత్యవసర పరిస్థితి అమలులో ఉన్నది. ధరలు పెరుగుచున్నవి, రక్షణ నిధికి ప్రజల నుండి చందాలు పోగుచేయాలి. 1962 మే నుండి పనిచేయ మొదలుపెట్టిన జిల్లా పరిషత్తులు ఇంకా పసిబిడ్డలవలె ఉన్నవి. వాటిని నిలబెట్టాలి. ఆయన పేరు చెప్పగానే చంద్రపూర్ ప్రజలు తలచుకునేది భద్రావతి దగ్గరి ఆయుధ కర్మాగారమును. చైనా యుద్ధము తరువాత ఆ ఫ్యాక్టరీ ఈ జిల్లాకు రావడములో ఆయన చొరవ ఉన్నదని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఆ ఫ్యాక్టరీ జీతము మీద బ్రతికిన ఇళ్ళు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నవి.

ఆయన పరిపాలన ఒక సంవత్సరము నాలుగు రోజులు మాత్రమే. 1963 నవంబరు 24వ తేదీన, పదవిలో ఉండగానే, 63 ఏండ్ల వయస్సులో కన్నుమూశారు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగి అప్పటికి రెండు రోజులే అయినది. ప్రపంచమంతా అటువైపు చూస్తుండగా మహారాష్ట్ర తన ముఖ్యమంత్రిని కోల్పోయినది. కొద్ది రోజులు పి.కె. సావంత్ బాధ్యత వహించారు. డిసెంబరు 5వ తేదీన వసంతరావు నాయక్ ముఖ్యమంత్రి అయ్యారు. నాయక్ గారు బంజారా జాతివారు. సంచార జాతులలో పుట్టిన ఇద్దరు వరుసగా ఈ పెద్ద రాష్ట్రమును ఏలినారంటే అది గుర్తుంచుకొనవలసిన సంగతి.

మిగిలినవి

బొంబాయిలో విక్రోలీ వెళ్ళినవారు కన్నంవార్ నగర్ చూసే ఉంటారు. పేద, మధ్యతరగతి కుటుంబముల కోసము కట్టిన పెద్ద గృహనిర్మాణ కాలనీ అది. ఇళ్ళు కట్టే జనములో పుట్టినవాని పేరు ఇళ్ళకు పెట్టారు. మన చంద్రపూర్‌లో 2015లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు కూడా కర్మవీర్ కన్నంవార్ పేరే పెట్టారు. ఒకప్పటి ఆరోగ్యమంత్రికి ఇంతకంటె తగిన జ్ఞాపకము ఉండదు. అక్కడ చీటీ కోసము వరుసలో నిలబడినప్పుడు పైన వ్రాసిన పేరు ఎవరిదని మీ పిల్లలు అడిగితే ఇకమీదట చెప్పండి.

మనకు పాఠము

ప్రియులారా, యిర్మీయా ప్రవక్త బబులోనులో చెరనున్నవారికి పత్రిక వ్రాసిన సంగతి మనకు తెలుసు. మీరున్న పట్టణములో ఇండ్లు కట్టుకొనుడి, ఆ పట్టణము క్షేమము కోరుడి అన్నది ఆ పత్రిక భావము. మనము మొదటి సగము బాగా నెరవేర్చాము. ఇండ్లు కట్టుకున్నాము, మందిరములు కట్టుకున్నాము, పిల్లల పెండ్లిండ్లు చేశాము. రెండవ సగము సంగతి ఏమిటి?

మన సంఘములలో లెక్కలు చూడగల కోశాధికారులున్నారు. యూనియన్‌లో గట్టిగా మాట్లాడగల సహోదరులున్నారు. స్త్రీల సమాజమును ఎన్నో ఏండ్లుగా నడిపిస్తున్న తల్లులున్నారు. అయినా వార్డు ఎన్నికల మాట వస్తే రాజకీయములు మనకెందుకు, మనము పరదేశులము కదా అంటాము. నల్లా నీళ్ళు రాకపోతే, సర్టిఫికెట్ కోసము ఏడాదిపాటు తిప్పితే, అప్పుడు మాత్రము ఎవరినో ఒకరిని బ్రతిమాలుకుంటాము. పరలోకమునకు మనము పౌరులమే. ఈ చంద్రపూర్‌కు కూడా పౌరులమే.

కన్నంవార్ గారికి ఈ గడ్డను ఎవరూ పట్టా చేసి ఇవ్వలేదు. ఆయన ఈ జిల్లా ప్రజల కోసము తిరిగారు, జైలు అనుభవించారు, వారి కష్టము తన కష్టముగా మోశారు. అప్పుడు జిల్లాయే ఆయనను మావాడు అన్నది. మీరు ఎక్కడివారు అన్న ప్రశ్నకు ఆయన జీవితము చెప్పే జవాబు అదే. ఏ ఊరి కోసము చెమట ఓడ్చామో ఆ ఊరివారము.

మన యవ్వనస్థులలో ఒక్కరైనా ఈ వ్యాసము చదివి, తెలుగు మరువకుండా, విశ్వాసము విడువకుండా, ఈ పట్టణపు పనికి ముందుకు వస్తే మా శ్రమ ఫలించినట్టే. అటువంటివారి కొరకు సంఘములన్నీ ప్రార్థించవలెనని మనవి. ప్రభువు మనలను మనమున్న చోటనే దీవెనగా ఉంచును గాక. ఆమేన్.