మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

మన అచ్చంపేటలో నిలిచి దక్షిణపు దిక్కు చూచినచో, ఉమామహేశ్వరపు కొండలు మొదలుకొని నల్లమల యడవి నీలముగా కనబడును. ఆ యడవిలో దిగి, కృష్ణ దాటి, శ్రీశైల మల్లికార్జునుని సేవించి, ఆవలి నల్లమలను గూడ గడచిపోయిన యెడల గిద్దలూరు, మార్కాపురము సీమ వచ్చును. ఆ సీమలో మోక్షగుండమను చిన్న గ్రామము కలదు. పూర్వ మెన్నడో ఒక తెలుగు కుటుంబము ఆ యూరు విడిచి మైసూరు సీమకు వలసపోయి, ఊరి పేరును మాత్రము ఇంటిపేరుగా వెంట గొనిపోయినది. ఆ వంశమున పుట్టినవారే విశ్వేశ్వరయ్యగారు. అడవి కావలి యొడ్డున వారి మూలము, ఈవలి యొడ్డున మన ఊరు. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభసమయమున, ఆ పొరుగువారి చరిత్ర చెప్పుకొనుట ఉచితమని నాకు తోచినది.

వారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన చిక్కబళ్లాపురము చేరువనున్న ముద్దెనహళ్లిలో జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. బాల్యముననే తండ్రి గతించుటచే, బాలుడు బెంగుళూరులో మేనమామ ఆదరణలో ఉండి, పరుల పిల్లలకు పాఠములు చెప్పి చదువు సాగించెను. 1881లో బి.ఏ. పట్టము పొంది, మైసూరు ప్రభుత్వపు వేతనముతో పూనా విజ్ఞాన కళాశాల చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథముడుగా నిలిచెను. మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు మరామతు శాఖలో ఉద్యోగము లభించినది.

ఆ కొలువులో వారు చేసిన పనులలో రెంటిని మాత్రము చెప్పెదను. సింధుదేశమున సుక్కూరు పట్టణమునకు మంచినీ రందింపవలసి వచ్చెను. సింధునది నీరు బురద. వడపోయుటకు తగిన ధనము పురపాలక సంఘము వద్ద లేదు. వారు నదిగర్భములోనే బావి త్రవ్వించి, ఇసుక గుండ ఊరిన తేటనీటిని పట్టణమునకు చేర్చిరి. నది బురదను నది యిసుకయే వడపోసినది. రెండవది పూనా దగ్గఱ ఖడక్వాస్లా జలాశయము. దాని అలుగుపై 1903లో వారు కల్పించిన తలుపులు, నీరు మితి మీరినంతనే తమంతట తెఱచుకొని, తగ్గినంతనే మూసికొనెడివి. కావలివాడు నిద్రించినను అవి తమ పని తాము చేసెడివి.

ఇక మన హైదరాబాదు కథ. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగెను. శంషాబాదు ప్రాంతమున ఒక్క దినములో పదమూడు అంగుళముల వాన కురిసినదని లెక్క. నగరమున పదునైదు వేలమంది మరణించిరనియు, పందొమ్మిది వేల యిండ్లు కూలినవనియు చెప్పుదురు. అఫ్జల్ గంజు ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు మనపాలిటి సాక్షి.

అప్పటికి బొంబాయి కొలువు విడిచి విదేశయాత్రలో నున్న విశ్వేశ్వరయ్యగారిని నిజాము ప్రభుత్వము పిలిపించెను. వారు 1909లో వచ్చి పని చేపట్టిరి. మునిగిన నగరమును చూచి నగరములోనే గోడలు కట్టుడని సలహా యిచ్చుట సులభము. వారు నదివెంట పైకి పోయిరి. మూసీకి, దాని ఉపనదియైన ఈసీకి నీరిచ్చు నేల సుమారు 860 చదరపు మైళ్లు. అందులోని చెఱువు లన్నిటిని లెక్కింపగా 788 తేలినవి. వానిలో 221 ఆ వరదకు తెగినవి. గొలుసుకట్టు చెఱువుల స్వభావము మనకు తెలియనిది కాదు. పై చెఱువు తెగిన నీరు క్రింది చెఱువు మీద పడును. రెండింటి నీరు మూడవదాని మీద పడును. ఇట్లు పల్లెలలోని చిన్న గండ్లే కూడి, సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహమై రాజధానిని ముంచినవి.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పక తప్పదు. నేను గ్రామము లెక్కలు వ్రాసి బ్రదికినవాడను. ఒక యేడు చెఱువుకట్ట మరమ్మతు ముగిసినదని పరులు చెప్పగా, కట్టమీదికి పోకయే పుస్తకమున ముగిసినట్లు వ్రాసికొంటిని. ఆ వానకాలమున అలుగు ప్రక్కనే గండి పడెను. ప్రాణములకు కీడు కలుగలేదు గాని, క్రింది మళ్లలో ఇసుక మేటవేసి యిద్దరు రైతులు రెండేండ్లు పంట యెఱుగరైరి. పిదప పెక్కేండ్లకు ఈ 221 చెఱువుల లెక్క చదివినప్పుడు, అందు నా చెఱువును గూడ చేర్చి 222 అని చదువుకొంటిని. పోయి చూచి వ్రాసిన అంకెకు, వినివ్రాసిన అంకెకు ఎంత భేదమో విశ్వేశ్వరయ్యగారి నివేదిక నాకు నేర్పినది.

1909 అక్టోబరు 1వ తేదీన వారా నివేదిక సమర్పించిరి. వరదను నగరమున అడ్డగించుట గాక, ఎగువనే రెండు జలాశయములందు నిలిపి, నెమ్మదిగా విడువవలెనని దాని సారము. నది గట్టులను ఎత్తు చేసి ఉద్యానములు, బాటలు ఏర్పఱుపవలెననియు, భూమిలోపల మురుగు కాలువలు నిర్మింపవలెననియు సూచించిరి. మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ముంచిన నదియే నగరమునకు త్రాగునీ రిచ్చు తల్లియైనది. మురుగు కాలువల పనికై 1922లోను, 1930లోను వారిని మఱల పిలిపించిరి. మురుగు కాలువకు ప్రారంభోత్సవ వైభవము లేదు. కట్టినవాని పేరు దానిమీద నెవరును చదువరు. అయినను కలరా పోవలెనన్న అదియే కావలెను.

1909 చివర మైసూరు ప్రభుత్వము వారిని ప్రధాన ఇంజనీరుగా ఆహ్వానించెను. శివసముద్రము జలపాతమున 1902 నుండి విద్యుత్తు పుట్టి కోలారు బంగారు గనులకు పోవుచుండెను. కాని వేసవిలో కావేరి సన్నగిల్లిన యంత్రములు కుంటువడుచుండెను. ఆ విద్యుత్తునకును, మండ్య పొలములకును ఏడాది పొడుగున నీరు దొరకునట్లు కృష్ణరాజసాగరమును తలపెట్టిరి. 1911లో పని మొదలైనది. 1912లో దివానులై మైసూరు బ్యాంకును, 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును నెలకొల్పించిరి. బెంగుళూరు కబ్బన్ ఉద్యానములోని ప్రజాగ్రంథాలయము గూడ వారి దివానుగిరిలోనిదే. ఆనకట్ట కట్టినచేతనే పుస్తకశాల తెఱపించుట మనవంటివారు గుర్తింపదగినది.

వారి జీవితమున వివాదమే లేదనుట సత్యము గాదు. వెనుకబడిన కులములవారికి ఉద్యోగములలో భాగము నిర్ణయింపవలెనని మహారాజు తలచినప్పుడు, ముందు విద్య వ్యాపింపవలెను, ఉద్యోగమునకు యోగ్యతయే కొలతగా నుండవలెనని వారు వాదించి, 1918లో పదవి విడిచిరి. కాలము ఆ వాదమును అంగీకరింపలేదు. చదువు అందనివానిని యోగ్యత చూపుమనుట, పై మడికే కాలువ త్రవ్వి క్రింది మడిలో పంట యడుగుట వంటిది. ఇంతటి నీటి లెక్కరికి ఈ లెక్క తట్టకపోవుట చింతింపదగినది. అయినను నమ్మనిదానిని నమ్మినట్లు నటించి పదవిని పట్టుకొని వ్రేలాడలేదు. అది వారి నిజాయితీ.

1923 నుండి కొన్నేండ్లు భద్రావతి ఇనుప కర్మాగారమునకు అధ్యక్షులై నష్టములనుండి దానిని లేవనెత్తిరి. అందులకు తమకు రావలసిన ప్రతిఫలమును యువకులకు వృత్తులు నేర్పు సంస్థకై బెంగుళూరునందు వినియోగింపజేసిరి. 1955లో భారతరత్న బిరుదము లభించెను. 1962 ఏప్రిల్ లో, నూఱేండ్లు గడచిన పిదప, వారు పరమపదించిరి. వారి జన్మదినమునే నేటికిని దేశము ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది.

కాని ఆ దినమున పూలమాల వేసినంతమాత్రమున వారి ఋణము తీరదు. 2020 అక్టోబరులో హైదరాబాదున మహావర్షము కురిసి, నగరపు అంచులలోని చెఱువులు కొన్ని తెగి, ఇండ్లు మునిగి, జనులు మరణించిరి. నూట పండ్రెండేండ్ల క్రిందటి పాఠమునే చెఱువులు మఱల చెప్పినవి. చెఱువు శిఖములో ఇల్లు కట్టువాడును, అలుగు పూడ్చువాడును, చూడకయే పుస్తకమున వ్రాయువాడును కూడియే వరదను తెచ్చుచున్నారు.

పిల్లలారా, మీరీ గ్రంథాలయమున చదివి ఇంజనీర్లయినను కావచ్చును, ఊరి లెక్కలు వ్రాయువారైనను కావచ్చును. ఏ పనియైనను, వానకు ముందొక్కసారి కట్టమీదికి నడచిపోయి చూచి రండు. ఆ నడకయే విశ్వేశ్వరయ్యగారికి మనము చేయు నమస్కారము.