నెలకు పదకొండున్నర పౌండ్లు

మన హాస్టల్ వార్షిక సంచికలో బాబాసాహెబ్ అంబేద్కర్ గారి మీద వ్యాసం లేని ఏడాది ఉండదు. రాజ్యాంగ నిర్మాతగా ఆయన గురించి మనం రాశాం, మాట్లాడాం, ప్రతి ఏప్రిల్ 14న దండ వేశాం. ఈసారి ఆయన విద్యార్థిగా గడిపిన రోజుల గురించి మాత్రమే రాయాలనుకున్నాం. అందుకు కారణం ఉంది. పరీక్షా ఫలితాలు వచ్చిన ప్రతిసారీ జూనియర్ తమ్ముళ్ళు మా గదికి వచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే: ఇన్ని మార్కులకు పెద్ద యూనివర్సిటీలో సీటొస్తుందా అన్నా? సీటొస్తే డబ్బెట్లా అని మాత్రం ఎవరూ అడగరు. అడగడానికి సిగ్గు. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే కాబట్టి ఆ సిగ్గు మాకు బాగా తెలుసు.

భీమ్‌రావ్ 1891లో మౌలో పుట్టారు. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. బొంబాయి పరేల్‌లో ఇల్లంతా కలిపి ఒకటే గది. అందరూ పడుకున్నాక తండ్రి మేలుకొని ఉండి, రాత్రి రెండు గంటలకు కొడుకును చదువుకు లేపేవారు. 1907లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మార్కులు 750కి 282. నూటికి 38 కూడా లేవు! ఈ అంకె రాస్తుంటే మాకే కాస్త సంకోచంగా ఉంది, కానీ దాచిపెట్టాల్సిన పని లేదు. ఆ కులంలో మెట్రిక్ దాటడమే ఎంత అరుదంటే, దానికే ఊళ్ళో అభినందన సభ పెట్టారు. ఆ సభలో కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు బుద్ధుడి జీవితం మీద తాను రాసిన పుస్తకాన్ని కానుకగా ఇచ్చారు. తర్వాత కాలేజీ చదువుకు ఇంట్లో డబ్బు లేనప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆయనే. నెలకు 25 రూపాయలు మంజూరయ్యాయి. దాంతో 1912లో బి.ఎ. పూర్తయింది.

1913 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయారు. ఆ ఏడాదే మహారాజు కొందరు విద్యార్థులను అమెరికా పంపాలని తలపెట్టారు. జూన్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. తిరిగొచ్చాక బరోడాలో పదేళ్ళు కొలువు చెయ్యాలి. జూలైలో న్యూయార్క్‌లో దిగి కొలంబియా యూనివర్సిటీలో చేరారు. అప్పటికి వయసు ఇరవై రెండు, మా కంటే ఒక ఏడాది చిన్న.

మాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఆ మూడేళ్ళ గడువు. గడువు తెలిసినవాడు చదివే తీరే వేరు. ఆర్థికశాస్త్రం ఒక్కటే కాదు, చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, ఏ క్లాసు దొరికితే ఆ క్లాసులో కూర్చున్నారు. సెలిగ్మన్, జాన్ డ్యూయీ వంటి గురువులు దొరికారు. 1915లో ఎం.ఎ. వచ్చింది. 1916 మేలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో భారతదేశంలోని కులాల పుట్టుక మీద పత్రం సమర్పించారు. అదే ఏడాది లండన్ వెళ్ళి స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, న్యాయవిద్యకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. ఇంతలో స్కాలర్‌షిప్ గడువు తీరిందని బరోడా దివాన్ నుంచి కబురు వచ్చింది. చదువు సగంలో ఉంది. నాలుగేళ్ళలోగా తిరిగొచ్చి పూర్తి చేసుకునేలా యూనివర్సిటీ నుంచి అనుమతి తీసుకుని 1917లో ఓడెక్కారు. ఆయన పుస్తకాలున్న మరో ఓడ శత్రువుల దాడిలో మునిగిపోయింది.

బరోడాలో జరిగింది మీకు తెలిసిందే. కొలంబియాలో చదివొచ్చిన అధికారికి జవాన్లు ఫైళ్ళు దూరం నుంచి విసిరారు. ఉండటానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ తరిమారు.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. జీతంలో పొదుపు చేసి, కొల్హాపూర్ మహారాజు సాయం తీసుకుని, కొలంబియా నాటి మిత్రుడు నావల్ భతేనా దగ్గర ఐదు వేలు అప్పు చేసి 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. పగలంతా లైబ్రరీలో, రాత్రికి కాల్చిన అప్పడాలు. బొంబాయిలో రమాబాయి గారు ఎంత తక్కువ డబ్బుతో ఇల్లు గడిపారో కూడా ఆ డిగ్రీల లెక్కలో రాయాలి. ఎం.ఎస్సీ. 1921లో, డి.ఎస్సీ. 1923లో వచ్చాయి. కొలంబియా పిహెచ్.డి.కి సిద్ధాంత గ్రంథం అచ్చు ప్రతులు ఇవ్వాలన్న నియమం ఉండేది. పుస్తకం 1925లో అచ్చయింది, పట్టా 1927లో చేతికొచ్చింది. న్యూయార్క్ వదిలిన పదకొండేళ్ళకు!

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. పీజీలో ర్యాంకు వచ్చాక, స్కాలర్‌షిప్ డబ్బు వచ్చేదాకా ఆగలేం, ముందు ఫీజు కట్టండి అని ఒక కాలేజీలో మమ్మల్ని తిప్పి పంపారు. మా అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి కట్టాం. అందుకే ఆ ఐదు వేల అప్పు దగ్గర చదవడం ఆపి చాలాసేపు కూర్చున్నాం.

మహారాజుల దయ మీద చదువు నడవడం ఎట్లా ఉంటుందో అనుభవించిన మనిషి కాబట్టే వైస్రాయ్ కార్యవర్గ సభ్యుడయ్యాక, 1942లో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల చదువుకు ప్రభుత్వమే డబ్బివ్వాలని పట్టుబట్టి మూడు లక్షల రూపాయలు సాధించారు. కొందరు ఆ నిధితో విదేశాలకూ వెళ్ళారు. మనం తీసుకునే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది 1944లో. ఔరంగాబాద్ మన హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1950లో, అక్కడ కాలేజీ కూడా పెట్టించారు. 1953లో ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. సికింద్రాబాద్‌లో లోకల్ రైలెక్కితే సీతాఫల్‌మండి దాటగానే ఆర్ట్స్ కాలేజీ స్టేషన్. మనలో చాలామంది రోజూ దిగే చోటే.

విదేశీ చదువుకు ఇప్పుడు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. కానీ కేంద్ర పథకానికి 2022లో కొత్త నిబంధన పెట్టారు. భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధన చేస్తామంటే ఇవ్వరట. ఆ లెక్కన 1916 నాటి ఆ కులాల పత్రంతో దరఖాస్తు చేస్తే బాబాసాహెబ్‌కే రాదు.

ఈ రెండింటి గడువు తేదీలు తెలియక మనవాళ్ళు ఏటా పోగొట్టుకుంటున్నారు. వార్డెన్ సార్‌ను అడిగి మెస్ పక్కనున్న నోటీసు బోర్డులో ఒక మూల తీసుకున్నాం. దరఖాస్తు పిలుపు రాగానే అక్కడ అంటిస్తాం. పాస్‌పోర్ట్, ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసిపెట్టుకోండి. ఫారం నింపడం రాకపోతే ఆదివారం సాయంత్రాలు మా గది తలుపు తట్టండి.