కైవారము తాతయ్య
కోలారు పేరు వినినంతనే, 2001లో మూతపడిన బంగారు గనులు రాజధానిలోని మన వకీళ్లకును ఉద్యోగులకును స్ఫురించును. ఆ సీమయందే తెలుగున తత్త్వములు పాడిన కైవారము నారాయణప్పను ఎరిగినవారు మనలో అరుదు. చింతామణి తాలూకాలోని కైవారము 2007లో చిక్కబళ్లాపురము జిల్లాలో చేరినది. అంతకుముందు అది కోలారు జిల్లాలోనిదే.

ఆయన 1726లో జన్మించి 1836లో జీవసమాధి నందెనని సంప్రదాయము. నూటపది యేండ్ల ఈ లెక్కపై మేము వాదింపబోము. బలిజ కులమున పుట్టి, గాజుల మలారము భుజమున వేసికొని ఊరూర తిరిగెను. బేరము తెలియని వర్తకుడగుటచే ఇంట మాటలు పడెనట. పరదేశిస్వామి యను గురువు ఆయన నోట గులకరాయి నుంచి, అష్టాక్షరి నుపదేశించి, రాయి కలకండ యగువరకు జపింపుమనెను. గుహలో కూర్చుండిన శిష్యునకు ఒకనాడు అది తీపాయెనని గాథ.

మహిమ యని చేతులు జోడించి ఊరకుండుట సులభము. తీపు రాతియందున్నదా, నాలుకయందున్నదా, మనస్సునందున్నదా యని మేమడుగుదుము. రాయి మారినదన్నచో గారడి యగును. మనస్సే మారినదన్నచో, మనము నిత్యము రాయి యనుకొనునది ఎంతవరకు రాయి? అదే కాలమున జర్మను దేశీయుడగు కాంటు, 1781లో ప్రకటించిన గ్రంథమున, మనకు తోచు వస్తువు వేరు, వస్తువు తానై యుండుట వేరనియు, రెండవది మానవబుద్ధికి అందదనియు నిర్ణయించెను. మన గాజుల వర్తకుడు అక్కడ ఆగలేదు. మనస్సణగిన చోట, మాటకందనిది నాదమై తెలియునని ఆయన తత్త్వముల సారము. కాని తెలిసినదానిని ఒరులకు చూపుటెట్లు? ఒకని నోటి తీపును వేరొకడు రుచిచూడజాలడు గదా! అందుచేతనే కాబోలు, ఆయన శాస్త్రవాదమునకు దిగక పాడెను.

లోకము మాత్రము ఆయనను కాలజ్ఞానకర్తగానే ఎక్కువగా తలచును. ఉపద్రవము వచ్చినప్పుడెల్ల అందొక పాదము వెదకి చూపువారికి కొదువలేదు. వారి మూలమున అమరనారేయణ శతకమును, తత్త్వములును మరుగున పడుట అన్యాయమని మా యభిప్రాయము. ఊరి గుడిలోని అమరనారాయణుని పేరే ఆయన ముద్ర. కైవారమున ఆయన పేర మఠము కలదు. చుట్టుపట్టుల భజనలలో, తెలుగు లిపి నెరుగనివారు కన్నడ లిపిలో అచ్చైన ప్రతులను చేతబట్టి ఆ తెలుగు మాటలనే నేటికిని పాడుచున్నారు.